ఇరవైనాలుగో తల

ఇరవైనాలుగో తల ముట్టుకోవడానికి నా చెయ్యి నడుము దాకా దిగింది. అరచేతికి మెత్తని జుట్టు తగిలింది. ఆ పొద్దున నేనే నూనె రాసి వేసిన రెండు పిలకలు. అది నా బిడ్డ తల.

అంతకు రెండు నిమిషాల ముందు ఒక అమ్మాయి పులిహోర పొట్లం పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. "టీచర్, అందరికి ఇచ్చిన. ఒకటి మిగిలింది" అంది. ఆయమ్మ ఒకటి ఎక్కువ కట్టిందేమో అనుకున్నాను. ఎందుకైనా మంచిదని మళ్ళీ లెక్కపెట్టాను. వాగు ఒడ్డున బండల మీద నీలం లంగాలు, తెల్ల జాకెట్లు వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టుకుంటూ పోయాను. సరిగ్గా ఇరవైనాలుగు వచ్చింది. "సరిపోయింది" అని పైకి అన్నాను కూడా. చెయ్యి మాత్రం ఆ చిన్న తల మీదే ఆగిపోయింది. నా బిడ్డ పైకి చూసి, "అమ్మా, నన్ను గూడ లెక్కపెట్టినవా?" అని సంబరంగా నవ్వింది.

నేను తీసుకొచ్చిన విద్యార్థినులు ఇరవైనలుగురు. నా కూతురు ఆ లెక్కలోది కాదు. అంటే ఒక పిల్ల లేదు. ఎప్పటినుంచి లేదో కూడా నాకు తెలియదు. చుట్టూ ఎటు చూసినా అడవి.

నేను ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. మూడో కాన్పు తర్వాత ఇక కుదరలేదు. మొన్న ఒకరోజు, నా తర్వాత ఆ బడిలో చేరిన సైన్సు టీచరు ఇంటికి వచ్చింది. ఇంకా పెళ్ళి కూడా కాని పిల్ల. "అక్కా, పిల్లలను అడవికి తీస్కపోదామనుకుంటున్న. మీరు తీస్కపోయిన్రట గద, ఎట్లుంటది?" అని అడిగింది. "మంచిగుంటది" అని చాయ్ ఇచ్చి పంపాను. పంపినప్పటినుంచి మనసు కుదురుగా లేదు. అందుకే చంటివాడు నిద్రపోయాక రాత్రిపూట కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి చదవాలి. ఆమెలాగా కొత్తగా చాక్‌పీసు పట్టిన వాళ్ళు చదవాలి.

మాది వరంగల్లులో ఆడపిల్లల హైస్కూలు. పిల్లల్లో సగం మంది మగ్గాల ఇళ్ళనుంచి వచ్చేవాళ్ళు. బడినుంచి ఇంటికి పోగానే మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి కూర్చునే పిల్లలు. ఎక్స్‌కర్షన్ అంటే ఏటా పాలంపేటే. గుడి చూసి, చెరువు కట్ట మీద తిని, సాయంత్రానికి తిరిగి రావడం. ఆ ఏడు నేను పట్టుబట్టాను. తొమ్మిదో తరగతి పిల్లలు రికార్డు పుస్తకంలో చుక్కల దుప్పిని అందంగా గీస్తారు, రంగులు వేస్తారు. బతికి ఉన్న దుప్పిని చూసినవాళ్ళు ఒక్కరు లేరు. పక్కన అంత అభయారణ్యం ఉండి ఇదేం చదువు అని స్టాఫ్ రూములో గొంతు పెంచాను.

హెడ్‌మిస్ట్రెస్ మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "పాలంపేటల దేవుడుంటడమ్మా. అడవిల ఎవరుంటరు?" అన్నారు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "నాది పూచీ మేడం" అన్నాను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. జువాలజీలో డిగ్రీ చేసి, ఆ చదువు అంతా బోర్డు మీద బొమ్మలు వేయడానికే సరిపోతోందని లోపల ఒక ఉక్రోషం. పిల్లల కోసం అడిగానని అప్పుడు అనుకున్నాను. సగం నాకోసమే.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. కొడుకుకు ఏడేళ్ళు, బిడ్డకు అయిదు. అత్తమ్మకు ఇద్దరినీ పట్టుకోవడం చేతకాదు. కొడుకును ఆమె దగ్గర వదిలి, బిడ్డను వెంట తీసుకుపోయేలా ఒప్పందమైంది. అక్కల లాగే తనకూ డ్రెస్సు కావాలని ఆ పిల్ల వారం రోజులు ఏడ్చింది. మిగిలిన నీలం గుడ్డతో ఒక చిన్న లంగా, నా పాత తెల్ల జాకెట్టు కోసి ఒక చిన్న జాకెట్టు కుట్టాను. తప్పు అక్కడే, ఆ మిషన్ మీదే మొదలైందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

శివరాత్రి పోయిన వారానికి బయలుదేరాం. ములుగు దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకుచెట్లు దగ్గరగా వచ్చాయి. ఆ తర్వాత నల్లటి గుట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు, ఇప్పుడో ఇంకాసేపటికో జారి పడేటట్టు. పిల్లలు పాటలు ఆపేసి కిటికీలకు అతుక్కున్నారు.

చెక్‌పోస్టు దగ్గర మాకోసం బీట్ గార్డు నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, అక్కడి కోయగూడెం వాడే. ఖాకీ చొక్కా, కాళ్ళకు టైరు చెప్పులు, భుజాన చిన్న గొడ్డలి. బస్సెక్కి అందరినీ ఒకసారి చూసి నాతో అన్నాడు:

"టీచరమ్మా, ఇప్పపూలు రాలుతానయి. గుడ్డెలుగులు తిరిగే కాలం. తీపి వస్తువులు ఎవల దగ్గరున్నా బస్సులనే వదిలిపెట్టమనుండ్రి. వాసనకు ఊకుంటదా అది?"

గుడ్డెలుగంటే ఎలుగుబంటి. నేను పిల్లల సంచులు వెతికాను. బిస్కెట్లు, పల్లిపట్టీలు దొరుకుతాయనుకున్నాను. ముగ్గురి సంచుల్లో బెల్లం ముద్దలు దొరికాయి. కాగితంలో చుట్టి, పైన పసుపు రాసి. వాళ్ళ అమ్మలు ఇచ్చి పంపారు. మేడారం దారిలో పోతున్నాం కదా, ఆ ఏడు జాతర లేకపోయినా ఆ అడవంతా సమ్మక్కదే కదా, ఎక్కడ గద్దె కనబడితే అక్కడ బంగారం పెట్టి రమ్మన్నారు. మా వైపు తల్లికిచ్చే బెల్లాన్ని బెల్లం అనరు, బంగారమే అంటారు.

నేను ఆ మూడు ముద్దలూ ఎత్తిపట్టుకొని, "మనం వచ్చింది ఎక్స్‌కర్షన్‌కా, జాతరకా? కోళ్ళు, మేకలు కూడా పట్టుకొచ్చిన్రా?" అన్నాను.

బస్సంతా ఘొల్లుమంది. ఆ ముగ్గురూ తలలు వంచుకున్నారు. నాకు ఆ నవ్వు బాగా నచ్చింది. సైన్సు టీచరును కదా. బెల్లం డ్రైవరు పక్కన పెట్టించాను. ఆయమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె మా బడిలో గంట కొట్టే మనిషి, పిల్లలను కాయడానికి వెంట వచ్చింది. "అట్ల అనకు బిడ్డా" అని గొణిగింది. విననట్టు ఊరుకున్నాను.

నాలుగో ముద్ద నాకు దొరకలేదు. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల, హాజరు పట్టీలో పదిహేడో నంబరు, ఓణీ కొంగులో ముడివేసి బొడ్డులో దోపుకుంది. మాట్లాడని పిల్ల. మార్కులు బాగా వచ్చే పిల్ల. మా నవ్వు విన్నాక ఇక ఆ ముడి సంగతి ఎవరికి చెప్తుంది?

బస్సు దిగినప్పుడు లెక్కపెట్టాను. ఇరవైనలుగురు. నా బిడ్డ అప్పుడు ఆయమ్మ చంకలో ఉంది. గార్డు ముందు, పిల్లలు మధ్యలో, ఆయమ్మ చివర. అరగంట నడిస్తే చెట్ల మధ్య కర్రలతో కట్టిన ఎత్తైన మంచె ఉంది. దారిలో ఒక నల్లమద్ది చెట్టు కింద బొట్లు పెట్టిన రాయి, దానికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. చూశాను, దాటిపోయాను.

మంచె మీద నుంచి పల్లంలోకి చూస్తే దుప్పులు. పది కాదు, ఇరవై కాదు. ఎండ చుక్కలు పడ్డ గడ్డిలో వాటి చుక్కలు కలిసిపోయి, ఒకటి తోక ఆడించినప్పుడు మాత్రమే తెలుస్తోంది అవి ఉన్నాయని. ఒక పిల్ల నా చెయ్యి పట్టుకొని, "టీచర్, నేను గీసిన దానికి కాళ్ళు పొట్టిగున్నయి" అంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అందుకే వచ్చాం కదా అనుకున్నాను. అంత సంతోషంలో ఉన్న మనిషికి వెనక ఏం జరుగుతోందో ఎట్లా తెలుస్తుంది?

మంచె దిగేటప్పుడు నిచ్చెన కింద నిలబడి ఒక్కొక్కరి తల ముట్టుకుంటూ లెక్కపెట్టాను. ఇరవైనాలుగు. నా బిడ్డ అప్పటికే చంక దిగి ఒక అక్క చెయ్యి పట్టుకొని వరుసలో నడుస్తోంది. లెక్క సరిపోయింది, పదండి అన్నాను. ఇంకో ఇరవై నిమిషాలు నడిచి వాగు దగ్గరికి వచ్చాం. పొట్లాలు విప్పాం. ఒకటి మిగిలింది.

ఎవరు లేరో కనుక్కోవడానికి ఎంతో సేపు పట్టలేదు. పదిహేడో నంబరు పక్కన కూర్చోవలసిన పిల్ల అప్పటికే ఏడుస్తోంది.

"ఎటు పోయిందే?"

"ఒట్టు పెట్టిచ్చుకుంది టీచర్."

"ఒట్టు తీసి గట్టు మీద పెడ్తున్న. చెప్పు."

"బంగారం పెట్టస్త అని పోయింది. ఆ ఎర్రగుడ్డ రాయి కాడికి. మనం దుప్పులను చూస్తానప్పుడు దిగింది. ఉర్కి పోయి ఉర్కి వస్త అన్నది. వచ్చిందనుకున్న టీచర్. మీరు లెక్క సరిపోయింది అన్నరు గద!"

నేను సరిపోయింది అన్నాను కాబట్టే ఆ పిల్ల నోరు విప్పలేదు.

గార్డుకు చెప్పాను. అతను కేకలు వేయలేదు, తిట్టలేదు. ముందు పొద్దు వంక చూశాడు, తర్వాత నేల వంక. "ఆ మద్ది చుట్టుపక్కల నాలుగు ఇప్పచెట్లున్నయమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

ఆయమ్మను పిల్లల దగ్గర ఉంచాను. బండల మీదే కూర్చోవాలి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలి, ఎవ్వరూ దిగకూడదు అని చెప్పాను. నా బిడ్డ నా కొంగు పట్టుకొని వదలలేదు. "నేను గూడ వస్త." ఒక్కొక్క వేలూ విడదీసి ఆయమ్మ ఒడిలో పెట్టాను. అది ఏడుస్తుంటే వెనక్కి తిరగకుండా నడిచాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకొక పాపపు ఆలోచన వచ్చింది. తప్పిపోయింది నా బిడ్డ కాదు, దేవుడా, నా బిడ్డ కాదు అని. రెండడుగులు వేశాక సిగ్గేసింది. తప్పిపోయిన పిల్ల తల్లి అదే సమయానికి మగ్గం పక్కన కూర్చుని, టీచరమ్మ ఉంది కదా అని నిశ్చింతగా ఉండి ఉంటుంది.

గార్డు ముందు నడుస్తూ అన్నాడు, "మాట్లాడుకుంట రాండ్రి టీచరమ్మా."

"పేరు పెట్టి పిలవనా?"

"ఒర్లద్దు. ఒర్లితె పిల్ల భయపడి ఉర్కుతది, ఉర్కితె అది ఎంబడిపడ్తది. ఊకె మాట్లాడాలె, మామూలుగ. గుడ్డెలుగు తిండి మీద పడ్డదంటె దానికి లోకం తెల్వది. మనం చప్పుడు చెయ్యకుంట దగ్గరికి పోతె బెదిరి మీద పడ్తది. దూరంకెల్లి మనిషి గొంతు వినబడితె దానంతటదే తొలుగుతది."

"ఏం మాట్లాడాలన్నా?"

"ఏదో ఒకటి. బడిల చెప్పరా రోజు?"

నోరు తెరిచాను. అయిదేళ్ళుగా రోజుకు ఆరు పీరియడ్లు మాట్లాడిన నోరు అది. పాఠం ఒక్కటి గుర్తు రాలేదు. దుప్పి గురించి, ఎలుగు గురించి ఏమేం చదివానో ఒక్క ముక్క రాలేదు. గార్డు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "మాట్లాడమ్మా" అన్నాడు గట్టిగా.

అప్పుడు నా నోట్లోంచి వచ్చింది హాజరు. రోజూ పొద్దున మొదటి గంటలో పిలిచే హాజరు. మా బడిలో పేర్లు పిలవం, నంబర్లే పిలుస్తాం.

"ఒకటో నంబర్."

ఎండుటాకులు కాళ్ళ కింద పటపటమన్నాయి.

"రెండో నంబర్. మూడో నంబర్."

ఒక్కొక్క నంబరు తర్వాత నోరు అలవాటుగా ఆగింది, జవాబు కోసం. జవాబు చెప్పేవాళ్ళు వాగు దగ్గర ఉన్నారు. ఆ ఖాళీల్లో అడవి చప్పుడు వినపడింది. ఏదో పిట్ట అరిచి ఆగింది. మంచె దాటాం. గార్డు గొడ్డలి వెనకవైపుతో చెట్టు బోదెను తట్టుకుంటూ నడుస్తున్నాడు, నెమ్మదిగా, నా నంబర్లకు తాళం వేస్తున్నట్టు. ఇప్పపూల వాసన మొదలైంది. తియ్యగా, మత్తుగా. ఆ వాసన ఇప్పటికీ నాకు పడదు.

"పధ్నాలుగో నంబర్. పదిహేనో నంబర్."

ఎర్రగుడ్డ చెట్ల సందుల్లో కనిపించింది.

"పదహారో నంబర్."

గార్డు చెయ్యి ఎత్తాడు. ఆగమని. కానీ నా నోరు ఆగలేదు.

"పదిహేడో నంబర్."

"ప్రెజెంట్ టీచర్."

చాలా చిన్న గొంతు. పైనుంచి వచ్చింది. మద్దిచెట్టు వెనక ఏనుగంత బండ ఉంది, దాని నెత్తి మీద ముడుచుకొని కూర్చుంది ఆ పిల్ల. ఓణీ నోట్లో కుక్కుకుంది. జవాబు చెప్పి మళ్ళీ కుక్కుకుంది. అంత భయంలో, నంబరు పిలిస్తే పలకకుండా ఉండడం ఆ పిల్లకు రాలేదు. తర్వాత చెప్పింది, పలికానని తనకే తెలియదట.

ఆ బండ కింద, బొట్లు పెట్టిన రాయి ముందు, నల్లటి కుప్ప ఒకటి కదిలింది.

నేను దాన్ని ముందే చూశాను, కానీ చెట్టు మొద్దు అనుకున్నాను. పిల్ల గొంతు వినగానే అది తల ఎత్తింది. పొడుగాటి మూతి, చుట్టూ బెల్లం అంటుకుంది. వెనక కాళ్ళ మీద నిలబడింది. ఛాతీ మీద తెల్లటి నెలవంక. బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో ఆ వంకను. చాక్‌పీసుతో ఒక్క గీత. గాలిని పీల్చింది, ఒకసారి మా వైపు, ఒకసారి బండ పైకి. మాకూ దానికీ మధ్య ముప్పై అడుగులుంటాయి. బండ మీది పిల్లకూ దానికీ మధ్య ఇద్దరు మనుషులంత ఎత్తు, అంతే. ఎలుగు చెట్లెక్కుతుంది, బండలూ ఎక్కుతుంది. ఆ సంగతి పాఠంలో నేనే చెప్పాను. ఆ పిల్ల కూడా నోట్‌బుక్కులో రాసుకుంది.

"కదలకు" అన్నాడు గార్డు పెదాలు కదలకుండా. "నంబర్లు చదువు. ఆపకు. మెల్లగ."

"పద్దెనిమిదో నంబర్" అన్నాను. "పంతొమ్మిదో నంబర్."

అది నిలబడే ఉంది.

"ఇరవయ్యో నంబర్."

పైన పిల్ల నన్ను చూస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు. నేనూ ఆర్పలేదు. క్లాసులో కొత్త పాఠం అర్థం కానప్పుడు ఇట్లాగే చూసేది, మళ్ళొకసారి చెప్పండి అన్నట్టు.

ఇరవైమూడు దగ్గర అది కిందికి వాలింది. పోతుందనుకున్నాను. పోలేదు. మళ్ళీ బెల్లం దగ్గరికి పోయి, రాయిని నాకడం మొదలుపెట్టింది. నింపాదిగా, పెళ్ళి విందుకు వచ్చిన పెద్దమనిషి లాగా. రాయి మీద ఉన్న పసుపూ కుంకుమా కూడా నాకింది. మా నంబర్లు అయిపోయాయి. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. రెండోసారి పదిహేడు వచ్చినప్పుడు, పలకవద్దని తల ఊపాను. పిల్ల పలకలేదు. మూడోసారి పన్నెండు దగ్గర ఉండగా ఎలుగు తల విదిలించి, మా వంక ఒకసారి కూడా చూడకుండా, ఇప్పచెట్ల వైపు దొర్లుకుంటూ పోయింది.

గార్డు ఇంకా చాలాసేపు కదలనివ్వలేదు. అప్పుడు గొడ్డలితో చెట్టును మూడుసార్లు గట్టిగా కొట్టాడు. ఏ చప్పుడూ తిరిగి రాలేదు. బండ దగ్గరికి పోయి చేతులు చాపాడు. "దిగు బిడ్డా. అది పొయ్యింది."

పిల్లను దింపి నా చేతుల్లో పెట్టాడు. మోకాళ్ళు గీసుకుపోయి రక్తం కారుతోంది. దగ్గరికి తీసుకున్నాను. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గార్డు వంక తిరిగి అడిగింది:

"తాతా, అది తిన్నది గద, మొక్కు చెల్లుతదా?"

గార్డు నవ్వలేదు. గుడ్డ చెదిరిన రాయిని చూశాడు, తలపాగా సర్దుకున్నాడు. "ఏం మొక్కు?"

"మా బాపు దవాఖానల నెల దినాలు పడి ఉండె. ఇంటికి వస్తె బంగారం పెడ్త అన్నది మా అమ్మ. బాపు వచ్చిండు. జాతరకు పోనీకి చేతగాలె."

"చెల్లుతది పో. అడవిల ఉన్నోళ్ళంత తల్లి మనుషులే. ఎవలు తింటె ఏంది?"

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, నిశ్చింతగా. నాకు మాత్రం బస్సులో నేను ఎత్తిపట్టుకున్న మూడు ముద్దలు గుర్తుకొచ్చాయి. నేను అడిగి ఉంటే, ఎవరి మొక్కు ఏమిటని ఒక్క మాట మర్యాదగా అడిగి ఉంటే, పొద్దున్నే గార్డుతో పాటు అందరం కలిసి ఆ రాయి దగ్గర రెండు నిమిషాలు ఆగి ఉండేవాళ్ళం. అందులో నా సైన్సుకు పోయేదేముంది?

వాగు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పొట్లాలు ముట్టలేదు. నా బిడ్డ ఏడ్చి ఏడ్చి ఆయమ్మ ఒడిలో పడుకుంది. బస్సులో ఎవ్వరూ పాడలేదు. పదిహేడో నంబరు పిల్ల నా పక్కన కూర్చుంది. ములుగు దాటాక మెల్లగా అంది, "టీచర్, మా బాపుకు చెప్పకుండ్రి. బడి మాన్పిస్తడు."

వెనక సీటులోంచి ఆయమ్మ ముందుకు వంగింది. "ఎవ్వలకు చెప్పకు టీచరమ్మా. పోరి దొరికింది, అయిపాయె. ఆడిపిల్ల అడవిల గంటసేపు కనబడలేదంటె మన వాడల ఊకుంటరా? ఎలుగు సంగతి పక్కకు పెడ్తరు. గంటసేపు ఎవలతోని ఉన్నదో అని అడుగుతరు."

ఎలుగును చూసినప్పటి భయం ఒక తీరు. ఈ మాట విన్నప్పటి భయం ఇంకో తీరు. రెండోదే ఎక్కువ కాలం ఉంది.

బడి గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్ మేడం నిలబడి ఉన్నారు. తల్లిదండ్రులూ ఉన్నారు. "అందరు వచ్చిన్రా?" అన్నారు. "ఇరవైనలుగురు వచ్చిన్రు మేడం" అన్నాను. అది నిజమే. అంతకంటే ఎక్కువ చెప్పే ధైర్యం అప్పుడు లేదు. కానీ ఇరవైముగ్గురి నోళ్ళు ఎవరు మూస్తారు? పిల్లలు తల్లుల చెయ్యి పట్టుకొని నాలుగడుగులు వేయకముందే ఎలుగు కథ మొదలైంది. పదిహేడో నంబరు పిల్ల తండ్రి, దగ్గుతూ, కూతురి మోకాళ్ళ వంక చూసి, ఏమీ అడగకుండా సైకిలు తిప్పాడు. ఆ అడగకపోవడమే నన్ను భయపెట్టింది.

మేడం నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. విన్నారు. కోప్పడలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. "రేపు రిపోర్టు రాసి తీసుకురా. చెప్పకుండ వరుస వదిలిపెట్టి పోయింది అని రాయి. ఉన్నదే గద. నీకూ మంచిది, బడికీ మంచిది" అన్నారు. మంచి మనిషి ఆమె. నన్ను కాపాడడానికే చెప్పారు.

ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చున్నాను. ఆ వాక్యం రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. చెప్పకుండా పోయింది, నిజం. వరుస వదిలింది, నిజం. అయినా ఆ వాక్యం చదివినవాళ్ళకు కనిపించేది ఒక్క ఆ పిల్లే. బెల్లం ఎత్తిపట్టుకొని నవ్వించిన టీచరు అందులో లేదు. సొంత బిడ్డ తల ముట్టుకొని లెక్క సరిపోయిందన్న టీచరు లేదు. ఆ కాగితం ఫైలులో పడుతుంది, ఫైలు మాట వాడకు పోతుంది. ఆ తర్వాత ఆ పిల్ల కండెలు చుట్టుకుంటూ, వచ్చే మాఘంలోగా పెళ్ళి పీటల మీద కూర్చుంటుంది.

కాగితం చింపాను. ఇంకోటి తీసి, నేను చేసింది నేను చేసినట్టు రాశాను. మేడం చదివితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. కానీ కాగితం చాలదు. కాగితాలు చదివే ఇల్లు కాదు అది. ఆ ఇంటి గడప దగ్గర ఎవరో ఒకరు నిలబడి నోటితో చెప్పాలి, వాడంతా వినేటట్టు.

కొత్త టీచరమ్మా, నువ్వు తప్పకుండా తీసుకుపో పిల్లలను. దుప్పుల కాళ్ళు ఎంత పొడుగో చూడనీ. కానీ లెక్కపెట్టేటప్పుడు తలలు ముట్టుకోకు, ముఖాలు చూడు. వాళ్ళ కొంగుల్లో ఏముందో నవ్వకుండా అడుగు. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

ఆ రిపోర్టు రాసిన మర్నాడు పొద్దున పిల్లలిద్దరూ లేచారు. కొడుకు మంచం మీద నుంచే, "అమ్మా, పులి కనబడ్డదా?" అన్నాడు. బిడ్డ ముక్కు చీదుకుంటూ, "పులి లేదు. ఒక అక్క తప్పిపోయింది. అమ్మ నన్ను ఇడిసిపెట్టి పోయింది" అంది.

ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకొని మొహాలు తుడిచాను. "అక్క తప్పిపోలేదు. నేను పోగొట్టిన. చెల్లెను లెక్కల కలిపి, అక్క లేదని చూసుకోలే. తప్పు నాది. ఇప్పుడు వాళ్ళ ఇంటికి పోయి, వాళ్ళ బాపుకు ఆ మాట చెప్పాలె."

"నువ్వు టీచరువు గద, లెక్క తప్పుతవా?" అన్నాడు వాడు.

"తప్పిన."

"తిడ్తరా వాళ్ళు?"

"తిడ్తరు కావచ్చు."

"అందరి ముందటనా?"

"అందరి ముందటనే. తిట్టినదాక నిలబడి, అప్పుడు వద్దాం. చెప్పులు ఏసుకోండి."